వెరిలీ మల్లేశ్వర్

శంషాబాద్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయే సందులో, జిరాక్సు దుకాణాలు దాటాక, రాజారావు గారి నోటరీ గది ఉంటుంది. గది ముందు రేకుల వసారా, వసారాలో రెండు టైపు బల్లలు. ఫ్యాను కింద ఉన్న బల్ల మల్లేశ్వర్‌ది. మెట్ల దగ్గర, పొద్దెక్కితే ఎండ కాళ్ల మీద పడే బల్ల కళ్యాణిది. రెండింటి మధ్య ఒక మనిషి కాళ్లు చాపుకునేంత జాగా ఉంటుంది. ఆ కాస్త జాగాలోంచే మల్లేశ్వర్ కడుపులోకి మంట పాకింది.

మల్లేశ్వర్ ఎక్కడుంటాడని అడిగితే ఆ సందులో ఏ మల్లేశ్వర్ అని ఎదురడుగుతారు. వెరిలీ మల్లేశ్వర్ అంటే మాత్రం చాయ్ బండి ఆయన గిన్నె దించి మరీ దారి చూపిస్తాడు. ఆ పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

ఇది నిజం అని ప్రమాణం చేసి కోర్టుకో ఆఫీసుకో ఇచ్చే కాగితాన్ని అఫిడవిట్ అంటారు. దాని అడుగున, పైన రాసిందంతా నిజమని నమ్ముతున్నాను అనే వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. ఆ నమ్మకానికి ముందు మల్లేశ్వర్ "వెరిలీ" అనే మాట తప్పకుండా కొడతాడు. కొట్టి ఊరుకోడు. కాగితం చేతికి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, సంతకం పెట్టే మనిషికి గొంతెత్తి చదివి వినిపిస్తాడు. "ఐ వెరిలీ బిలీవ్" దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఎదురుగా నిలబడ్డ రైతుకు అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తన కాగితంలో ఏదో గట్టి మాట పడిందని ధైర్యం వస్తుంది. పక్క సందులో టైపు కొట్టేవాళ్లు ఆ మాట కొడితే కొడతారు, మరిచిపోతే మరిచిపోతారు. వాళ్ల అఫిడవిట్లు మల్లేశ్వర్ దృష్టిలో ఉప్పు వేయని పప్పు.

ఆ మాట అతనికి రాజారావు గారు ఇచ్చింది. రాజారావు గారిది ఏలూరు వైపు. చిన్న వయసులోనే హైదరాబాద్ వచ్చి, అత్తాపూర్‌లో ఇల్లు కట్టుకుని, ఇక్కడ ప్రాక్టీసు పెట్టిన వకీలు. విమానాశ్రయం కోసం భూములు చేతులు మారుతున్న రోజుల్లో ఆయన దగ్గర టైపు కొట్టేవాళ్లు దొరక్క, టైపు పరీక్ష పాసై ఖాళీగా తిరుగుతున్న మల్లేశ్వర్‌ను పిలిచి కూర్చోబెట్టాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. గిరాకీ లేదు. మల్లేశ్వర్ భయం భయంగా అడిగాడు, ఈ వెరిలీ అంటే ఏంది సార్ అని.

"సత్యంగా అని అర్థమయ్యా," అన్నాడు రాజారావు. "లాటిన్ అని పాత భాష ఒకటుంది. అందులో వేరుస్ అంటే సత్యం. అది ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి వెరై అయింది. అక్కణ్నించి ఇంగ్లీషు వాళ్ల దగ్గరికొచ్చి వెరీ అయింది. దానికి లీ అని తోక తగిలిస్తే వెరిలీ. ఇప్పుడు మామూలు మాటల్లో ఎవరూ వాడరు. చర్చిలో చదివే పాత ఇంగ్లీషులో ఉంది, మన కోర్టు కాగితాల్లో ఉంది. అంతే."

ఆ మధ్యాహ్నం మల్లేశ్వర్‌కు జ్వరం వచ్చినంత వేడి పుట్టింది. విమానాలు రావడానికి ముందే వాళ్ల బాపు ఉన్న మెట్ట చెలక కాస్తా అమ్మేసుకున్నాడు. తరువాత ఆ చెలక మీదుగా రోడ్డు పడింది, కొన్నవాళ్లు మేడలు కట్టారు. ఆ మేడలను చూసినప్పుడల్లా మల్లేశ్వర్‌కు అన్నం సయించేది కాదు. బావమరిది కారు కొంటే వారం రోజులు వాళ్ల గల్లీ తొక్కలేదు. ఓర్వలేనితనం అతనికి కొత్తగా వచ్చిన జబ్బు కాదు, పుట్టుమచ్చలాగా ఒంటి మీదే ఉంది. అలాంటివాడికి రోములో పుట్టి, ఫ్రాన్సులో తిరిగి, శంషాబాద్ రేకుల కిందికి వచ్చిన ఒక మాట దొరికింది. ఇంకెవరి దగ్గరా లేనిది. అందరికీ ప్లాట్లు దక్కాయి, తనకు ఇది దక్కింది అనుకున్నాడు. నవ్వొస్తే నవ్వండి, కానీ మనిషి బతకడానికి ఏదో ఒకటి తనది అనుకోవాలి కదా.

రాజారావు గారికి ఇంకో పద్ధతి ఉంది. ముద్ర వేసే ముందు ప్రతి మనిషినీ తెలుగులో ఒక ప్రశ్న అడుగుతాడు. "ఇందులో రాసింది నువ్వు చూసిందా, విన్నదా, అనుకున్నదా?" చూసిందయితే ఒక రకంగా రాయాలి, విన్నదయితే ఎవరి దగ్గర విన్నావో రాయాలి, అనుకున్నదయితే ఎందుకలా అనుకున్నావో రాయాలి. ఈ మూడూ కలగలిపి ప్రమాణం చేస్తే ఆయన ముద్ర వేయడు. గదిలోంచి ఆ ప్రశ్న వినపడని రోజు ఆ వసారాలో లేదు. మల్లేశ్వర్ దాన్ని ఎన్నిసార్లు విన్నాడంటే, చివరికి వినడం మానేశాడు.

కళ్యాణి వచ్చి రెండేళ్లయింది. పెద్దషాపూర్ పిల్ల, డిగ్రీ చదివింది. వచ్చిన మొదటి రోజే "అన్నా, జర ఈ ప్రింటరు ఎట్ల పెట్టాలె" అని అడిగితే మల్లేశ్వర్ పెద్దరికంగా చూపించాడు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ప్రింటరు గురించి అతనికి చెప్పడం మొదలుపెట్టింది. అది కూడా సహించేవాడే. కానీ ఆమెకు ప్రశ్నలు ఎక్కువ. ఇది ఎందుకిట్ల రాస్తరు సార్, అది ఎందుకట్ల రాయరు సార్ అంటూ లోపలికి పోతుంది. రాజారావు గారికి ప్రశ్న అంటే ప్రాణం. మల్లేశ్వర్‌ను "ఏమయ్యా" అని పిలిచే మనిషి ఆమెను "అమ్మా కళ్యాణీ" అంటాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. చెవులకు ఎంత మండుతుందో మాత్రం ఆ సామెతలో చెప్పలేదు.

ఇదిలా ఉండగా లోపలి బల్ల ఖాళీ అయింది. రాజారావు గారి పక్కనే, కిటికీ దగ్గర ఉండే బల్ల అది. గుమాస్తా యాదయ్య మోకాళ్ల నొప్పులతో మానేశాడు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు టైపు కొట్టడమే కాదు, కాగితం సొంతంగా రాస్తారు, వచ్చినవాళ్లతో మాట్లాడతారు, సార్ లేనప్పుడు గది తాళం పెట్టుకుంటారు. ఇన్నేళ్లూ మల్లేశ్వర్ వసారాలో కూర్చుని ఆ కిటికీని బయటినుంచే చూశాడు. దసరా అయ్యాక ఎవరు కూర్చోవాలో చెబుతానన్నాడు రాజారావు. చెప్పడానికి ఏముంది, నేనే కదా అని మల్లేశ్వర్ ఇంట్లో భార్య రేఖతో అనేశాడు. ఆమె కొత్త చొక్కా గుడ్డ కూడా కొలిచి కత్తిరించింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం లోపలినుంచి ఆ మాటలు వినపడ్డాయి.

"లాటిన్‌లో వేరుస్ అంటే సత్యమమ్మా," అంటున్నాడు రాజారావు. "ఫ్రెంచి వాళ్లు దాన్ని వెరై అన్నారు."

మల్లేశ్వర్ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం ఒకటి దిగుతోంది. శంషాబాద్‌లో మాట్లాడేవాళ్లందరికీ అలవాటే, రాజారావు కూడా విమానం పోయేదాకా ఆగాడు. ఆ ఆగిన కాసేపట్లో మల్లేశ్వర్ గుండెలో ఏమేం జరగాలో అన్నీ జరిగిపోయాయి. తన మాట. తన వానాకాలం మధ్యాహ్నం. దాన్ని సార్ తీసి ఈ పిల్ల చేతిలో పెడుతున్నాడు.

విమానం చప్పుడు తగ్గింది. "ఇంతవరకూ అందరూ చెప్పేదే. అసలు సంగతి ఇక్కణ్నించి ఉంది, విను," అన్నాడు రాజారావు.

అసలు సంగతి అట. తనకు చెప్పని అసలు సంగతి. మల్లేశ్వర్ కుర్చీ వెనక్కి తోసి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా చాయ్ బండి దగ్గరికి పోయాడు. చాయ్ చల్లారిపోయి పైన మీగడ కట్టింది, తాగలేదు. తిరిగొచ్చేసరికి కళ్యాణి తన బల్ల దగ్గర కూర్చుని ఏదో కొడుతోంది. ముఖంలో చిన్న నవ్వు. ఆ నవ్వు తన జేబులోంచి తీసుకుపోయినట్టు అనిపించింది అతనికి.

అప్పటినుంచి అతని ఒక చెవి ఎప్పుడూ లోపలి గది మీదే ఉండేది. కళ్యాణి లోపలికి పోతే టైపు నెమ్మదించేది. ఆమె నవ్వితే తప్పులు పడేవి. చూడని నవ్వుకు కూడా కారణాలు కట్టేవాడు. సార్‌కు చాయ్ తెచ్చిస్తే మస్కా కొడుతోందని, తేకపోతే అప్పుడే గర్వం పట్టిందని. ఈర్ష్య పట్టిన మనిషికి ఎదుటివాళ్లు నిలబడ్డా తప్పే, కూర్చున్నా తప్పే.

పది రోజులు గడిచాయో లేదో, వసారా మెట్ల దగ్గరికి ఒక ముసలామె వచ్చింది. మెడలో వెండి గొలుసు, చేతిలో గుడ్డ సంచి. వెనక ఆమె కొడుకు, కందుకూరు పెంటయ్య, తల దించుకుని ఉన్నాడు. ఆమె బల్లలు రెండింటినీ తేరిపార చూసింది.

"నన్ను సంపినోళ్లు ఎవలు బిడ్డా మీలో?"

పెంటయ్యే చెప్పాడు. తల్లి పేరు అమృతమ్మ. శంషాబాద్‌లో ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన చిన్న ఇల్లుంది. దాని కరెంటు మీటరు కొడుకు పేరు మీదికి మార్చుకుందామని, కిందటి సోమవారం ఇక్కడే అఫిడవిట్ చేయించుకున్నాడు. అది తీసుకుపోయి ఆఫీసులో ఇస్తే, మీ అమ్మ పోయిన కాగితం ఏదని అడిగారు. అఫిడవిట్‌లో ఆమె పేరు ముందు కీర్తిశేషులని ఇంగ్లీషులో ఉంది.

"కాకి నెత్తి మీద తన్నితే మనిషి సచ్చిందని అబద్ధం కబురు పంపుతరు, అయినోళ్లు ఏడిస్తే గండం పోతదని," అంది అమృతమ్మ, మెట్టు మీద కూర్చుంటూ. "నన్ను ఏ కాకి తన్నలే బిడ్డా. ఏడ్సినోళ్లు గూడ లేరు. ఉత్తగనే సంపిన్రు."

ఈ తప్పు ఎలా జరుగుతుందో టైపు కొట్టేవాళ్లందరికీ తెలుసు. కొత్త కాగితం మొదటినుంచీ ఎవరూ కొట్టరు. నిన్నటి మనిషి అఫిడవిట్ తెరిచి, పేరు, ఊరు, ఇంటి నంబరు మార్చి, ప్రింటు తీసి, దాని మీదే సేవ్ చేస్తారు. నిన్నటి మనిషి తల్లి చనిపోయి ఉంటే, ఆ ఒక్క ముక్క తీయడం మరిచిపోతే, ఇవాళ్టి మనిషి తల్లి కూడా పోతుంది. రేపటి మనిషి కాగితం కొట్టగానే ఇవాళ్టిది చెరిగిపోతుంది కాబట్టి, ఎవరు కొట్టారో కంప్యూటరు కూడా చెప్పదు.

రాజారావు బయటికి వచ్చాడు. కంటి ఆపరేషను అయినప్పటినుంచి ఆయన అడుగు చూసుకుని వేస్తాడు. విషయమంతా విని అమృతమ్మకు చేతులు జోడించాడు. "క్షమించమ్మా. ఆ ముక్క నా కళ్లకు ఆనలేదు. నా ముద్ర కిందే జరిగింది కాబట్టి తప్పు ముందు నాది." తరువాత ఇద్దరి వైపూ తిరిగాడు. "ఎవరు కొట్టారు?"

పెంటయ్యను అడిగితే, కాగితాలు ప్రింటరు పక్కన స్టూలు మీద పెట్టి అన్నం తినడానికి పోయానని, వచ్చేసరికి తయారై ఉందని అన్నాడు.

"నేను కొట్టలే సార్," అంది కళ్యాణి.

"నేను గూడ కొట్టలే," అన్నాడు మల్లేశ్వర్. ఆమె వైపు చూడకుండానే, "ఇగ ఇద్దరం కొట్టకపోతే ఎవలు కొట్టినట్టు? విమానం దిగొచ్చి కొట్టిపోయిందా?" అన్నాడు.

రాజారావు ఇద్దరినీ చూశాడు. టైపు చేసినవాళ్లు ఇది మా చేతి పొరపాటని ఒక అఫిడవిట్ ఇస్తే, దాంతో పెంటయ్య కాగితం సరిచేయవచ్చన్నాడు. రేపటికల్లా రాసి తెండి అని లోపలికి పోయాడు. అమృతమ్మ ఈ రాత్రికి చెల్లెలి ఇంట్లో ఉంటానని, రేపు తాను మళ్లీ బతికాకే కందుకూరు పోతానని చెప్పి లేచింది.

ఆ సాయంత్రం ఇంట్లో రేఖ చొక్కా చేతులు కుడుతోంది. మల్లేశ్వర్ జరిగింది చెప్పాడు. చెబుతుంటే ముఖం వెలిగింది. ఎన్నాళ్లకో చేతికి చిక్కింది కదా మరి.

"పిల్లనే కొట్టింది. పక్కా. మనసంతా లోపలి బల్ల మీద పెడితే గిట్లనే అయితది."

"నువ్వు చూసినవా?" అంది రేఖ, దారం కొరుకుతూ.

"చూసుడెందుకు? నాకు ఎరుక లేదా?"

"ఎరుకనో, కండ్ల మంటనో. గా పిల్ల పేరెత్తితే నీ ముఖం మారుతది. నాకే పరేషాన్ అయితది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నవాడికి నాలుగో కాలు చూపించినా లాభం లేదని ఆమెకూ తెలుసు. చొక్కా మడిచి పక్కన పెట్టింది.

మర్నాడు అందరికన్నా ముందు వచ్చి మల్లేశ్వర్ తన అఫిడవిట్ తాను కొట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఎందరి ప్రమాణాలో కొట్టాడు గానీ తన పేరు మీద ఒకటి కొట్టడం అదే మొదలు. సోమవారం నాడు వేరే పనిలో ఉన్నానని రాశాడు. పెంటయ్య కాగితం కళ్యాణి కొట్టిందని వెరిలీ నమ్ముతున్నానని రాశాడు. ఆ మాట కొడుతున్నప్పుడు వేళ్లకు బలం వచ్చింది. నిజంగా నమ్మాడు. ఇందులో అబద్ధం లేదు, ఆ క్షణాన అతను తన పేరు నమ్మినంతగా దాన్ని నమ్మాడు.

అమృతమ్మ, పెంటయ్య వచ్చి లోపల బల్ల పక్క బెంచీ మీద కూర్చున్నారు. కళ్యాణి గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఉంటుంది. తప్పు చేసినవాళ్లే కదా ఏడుస్తారు అనుకున్నాడు మల్లేశ్వర్. కాగితం సార్ ముందు పెట్టాడు.

రాజారావు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదివాడు. చదివి, కొత్త మనిషిని అడిగినట్టే అడిగాడు.

"ఇది నువ్వు చూసిందా, విన్నదా, అనుకున్నదా?"

ఎన్నేళ్లుగానో గోడ అవతలినుంచి విన్న ప్రశ్న. ఎదురుగా కూర్చుని వినడం ఎలా ఉంటుందో మల్లేశ్వర్‌కు ఇప్పుడు తెలిసింది.

"అనుకున్నది సార్."

"అనుకున్నావా? కావాలనుకున్నావా?"

రాజారావు పెంటయ్య దగ్గర పాత అఫిడవిట్ తీసుకుని అతని చేతికిచ్చాడు.

"చివరి వాక్యం చదువు. ఎప్పుడూ చదువుతావు కదా, అలాగే."

"ఐ వెరిలీ బిలీవ్..." గొంతు అలవాటుగా లేచింది, మధ్యలో పడిపోయింది.

"అమ్మా కళ్యాణీ, కిందటి సోమవారం నుంచి నువ్వు కొట్టినవి ఏవైనా పట్టుకురా."

ఆమె బయటికి పోయి కాగితాలు తెచ్చింది. రాజారావు వాటిని మల్లేశ్వర్ ముందుకు జరిపాడు. ఒక్కో దాని అడుగు చూశాడు మల్లేశ్వర్. నమ్ముతున్నాను అని ఉంది, అంతే. ఏ ఒక్క దాంట్లోనూ వెరిలీ లేదు.

"నేనే వద్దన్నాను," అన్నాడు రాజారావు. "వెరీ అంటే కూడా ఒకప్పుడు సత్యమనే అర్థమయ్యా. జనం ప్రతిదానికీ సత్యం, సత్యం అని తగిలించీ తగిలించీ దాన్ని అరగదీశారు. ఇప్పుడు వెరీ అంటే చాలా అని మాత్రమే. చాలా మంచిది, చాలా వేడి. సత్యమన్న అర్థం పోయింది. వెరిలీ గతీ అంతే. మన దగ్గర నిజంగా, ఒట్టు, దేవుడి తోడు అని ఎవరు ఎక్కువంటారు? చూసినవాడు చూశానంటాడు, అంతటితో ఆగుతాడు. నమ్మకం కుదరనివాడికే ఆ తోకలన్నీ కావాలి. అందుకని ఈ అమ్మాయికి చెప్పాను, నమ్ముతున్నాను అని రాస్తే చాలు, వెరిలీ వద్దు అని. ఆ రోజునుంచీ ఒక్కసారి కూడా రాయలేదు. పెంటయ్య వచ్చింది దాని తరువాతి సోమవారం."

మల్లేశ్వర్‌కు ఆ సోమవారం మెల్లగా గుర్తుకొచ్చింది. స్టూలు మీద నూనె మరక పడ్డ కవరు. కళ్యాణి లోపల. సార్ అడుగుతున్నాడు, కిటికీ దగ్గర వెలుతురు కళ్ల మీద పడుతుందా అమ్మా అని. ఆమె ఏం జవాబు చెబుతుందోనని చెవి అటు పెట్టి, వేళ్లు ఇటు ఆడించాడు. ఏ కాగితమో, ఎవరి పేరో పట్టించుకోలేదు. ప్రింటు తీసి, చదివి వినిపించకుండానే స్టూలు మీద పడేసి, చాయ్‌కి పోయాడు. ఆ ఒక్కరోజే చదవలేదు. చదివి ఉంటే అమృతమ్మ బతికేది. నిన్న తనను ఎవరూ వేలెత్తి చూపకముందే విమానం కొట్టిందా అని అరిచింది ఎందుకో కూడా అర్థమైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది తానే.

ఆ సిగ్గులో కూడా అతని నోట్లోంచి వచ్చింది వేరే మాట. ఎన్ని రోజులుగానో లోపల కుళ్లుతున్న మాట.

"నాకెందుకు చెప్పలే సార్ గీ సగం? గా పిల్లకు చెప్పిన్రు. నాకు సగమే చెప్పిన్రు."

రాజారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీకు చెప్పిన రోజున నాకూ అంతే తెలుసయ్యా. మిగతాది నిరుడు కంటి ఆపరేషనుకు ముందు, ఇంకా చూపు ఉండగానే అన్నీ చదివేద్దామని నిఘంటువు తిరగేస్తుంటే తెలిసింది. తెలిసిన మర్నాడే నీ దగ్గరికొచ్చాను. మల్లేశ్వర్, ఆ వెరిలీ లేదూ అని మొదలుపెట్టాను. నాకు తెలుసు సార్, మీరే చెప్పిన్రు కదా అన్నావు. తలెత్తను కూడా లేదు. సరేలెమ్మని వెళ్లిపోయాను."

అది కూడా గుర్తొచ్చింది. అప్పుడు ఎంత గర్వంగా అన్నాడో, ఆ గర్వంతో సహా గుర్తొచ్చింది. ముందు తన గడప దగ్గరికే వచ్చిన మాటను తానే వెనక్కి పంపి, అది పక్కింటికి పోయిందని ఇన్నాళ్లూ కుమిలాడు. దొంగిలించినవాళ్లెవరూ లేరు.

అయినా మంట చల్లారలేదు. అబద్ధం చెప్పడం ఎందుకు, కళ్యాణి ఎర్రబడ్డ కళ్లు చూసి జాలి పడుతూనే, ఆ కళ్లు ఇకనుంచి కిటికీ దగ్గర కూర్చుని తనను చూస్తాయని కూడా అనుకున్నాడు. ఇప్పుడు తప్పు నాదని సంతకం పెడితే లోపలి బల్ల పోయినట్టే. పెట్టకపోతే, ఆమె కొట్టలేదని తేలింది గానీ తాను కొట్టినట్టు చూసినవాళ్లు లేరు. పక్క సందులో కొట్టించుకుని మరిచిపోయావేమో పెంటయ్యా అని ఒక్క మాట అంటే చాలు, పెంటయ్య అనుమానంలో పడతాడు. సార్‌కు చూపు తక్కువ. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

అమృతమ్మ బెంచీ మీద నుంచి అతన్నే చూస్తోంది. కోపంగా కాదు. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషిని చూసినట్టు చూస్తోంది.

మల్లేశ్వర్ తన అఫిడవిట్ తీసుకుని రెండుగా చింపాడు. బయటికి పోయి తన బల్ల ముందు కూర్చున్నాడు. పాత ఫైలు ఏదీ తెరవలేదు. ఖాళీ కాగితం తీసి మొదటినుంచి కొట్టాడు. పెంటయ్య అఫిడవిట్ తానే టైపు చేశానని, ఆ సమయంలో తన ధ్యాస పని మీద లేదని, పెంటయ్య తల్లి అమృతమ్మ బతికే ఉందని, ఇవాళ ఆమెను తన కళ్లతో చూశానని కొట్టాడు. చివరి వాక్యం దగ్గర వేళ్లు అలవాటు కొద్దీ వీ అక్షరం మీదికి పోయాయి. వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట లేకుండా వాక్యం బోసిగా కనిపించింది.

ప్రింటు తీసి లోపలికి తెచ్చేటప్పుడు గుమ్మంలో కళ్యాణి పక్కకు జరిగింది.

"మాఫ్ చెయ్యి పిల్లా," అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

"నన్నొక మాట అడిగితే అయిపోయేది కదన్నా," అంది ఆమె. గొంతులో కోపం ఇంకా ఉంది.

రాజారావు కాగితం చదివాడు. ముద్ర చేతిలోకి తీసుకుని ఆగాడు. తెలిసిన మనిషి అని మినహాయింపు ఇవ్వలేదు.

"ఇది నువ్వు చూసిందా, విన్నదా, అనుకున్నదా?"

"చేసింది సార్," అన్నాడు మల్లేశ్వర్. "నేను చేసింది."

రాజారావు ఒక్క క్షణం తలెత్తి చూశాడు. తరువాత సంతకం పెట్టించుకుని ముద్ర వేశాడు. బల్ల గురించి ఏమీ అనలేదు. కళ్యాణి అప్పటికే కిటికీ తలుపు తెరిచి, యాదయ్య వదిలిపోయిన దుమ్ము తుడుస్తోంది. అది చూస్తూనే మల్లేశ్వర్ కాగితం అందుకున్నాడు.

తల్లీకొడుకులు వసారాలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాక, కాగితం తెచ్చి పెంటయ్యకు ఇవ్వబోతే అమృతమ్మ చెయ్యి చాపి ఆపింది.

"అందరికీ సదివి ఇనిపిస్తవట గద. నాకు సదువవా?"

మల్లేశ్వర్ వసారాలో ఆమె ముందు నిలబడి చదివాడు. ఈసారి గొంతు ఎత్తలేదు. ఇంగ్లీషులో ఒక వాక్యం, దానికి తెలుగులో అర్థం, అలా చివరిదాకా చదివాడు. నెత్తి మీదుగా విమానం పోతుంటే ఆగి, పోయాక మళ్లీ మొదలుపెట్టాడు. ముసలామె కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక సంచి సర్దుకుంది గానీ లేవలేదు.

"ఇంకొక్కపారి సదువు బిడ్డా," అంది. "నేను బతికున్న అన్న కాడ."

మల్లేశ్వర్ వేలు పెట్టి ఆ వాక్యం వెతుక్కుని మళ్లీ చదివాడు.